మావాడికి ఎంపీసీయా, బైపీసీయా? ఆప్టిట్యూడ్ టెస్టు చెప్పేదెంత, చెప్పనిదెంత

(కోనసీమలోని ఒక ఉన్నత పాఠశాలలో పదో తరగతి పిల్లలకు ఆప్టిట్యూడ్ టెస్టు పెట్టే ముందు తల్లిదండ్రులతోనూ, ఉపాధ్యాయులతోనూ జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది.)

కూర్చోండి, కూర్చోండి. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ బెంచీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాను చప్పుడుకి నా మాట వినబడకపోతే చెయ్యెత్తండి.

మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. "ఈ టెస్టు రాస్తే మావాడికి ఎంపీసీయో బైపీసీయో తేలిపోతుందా అండీ?" అంతే కదా? తేలదండి. ముందే చెప్పేస్తున్నాను, తేలదు. మరి ఎందుకు పెడుతున్నట్టు? అది చెప్పడానికే ఈ గంట.

మూడు మాటలు విడదీసుకుందాం. మార్కులు, ఇష్టం, ఆప్టిట్యూడ్. ఈ మూడూ ఒకటే అనుకోబట్టే సగం గొడవ. కాలవ గట్టున ఉన్న ఊళ్ళు మనవి, ఈతతోనే చెబుతాను. ఇవాళ అవతలి గట్టుకి ఎవడు ఈదగలడు? అది మార్కు. నేర్చుకున్నది ఎంత అన్నదే మార్కు చెబుతుంది. రోజూ పొద్దున్నే ఎవరూ లేపకుండానే కాలవకి పరిగెత్తేది ఎవడు? అది ఇష్టం. ఇద్దరినీ ఒకేసారి నీళ్ళలోకి దింపి, ఒకేలా నేర్పితే, ఒకడు నాలుగు రోజుల్లో తేలతాడు, ఒకడికి ఇరవై రోజులు పడుతుంది. ఆ తేడా ఉందే, అది ఆప్టిట్యూడ్. ఫలానా రకం పని ఎంత సులువుగా అబ్బుతుంది అన్నది. ఇరవై రోజులు పట్టినవాడికి ఈత రాదని కాదు. గమనించారా? రాదని కాదు. రోజులు ఎక్కువ పడతాయి, అంతే.

ఇది పుట్టుకతో వచ్చిందేనా అని ఎవరో అడుగుతున్నారు. కొంత పుట్టుక, కొంత పెంపకం. పదిహేనేళ్ళ పిల్లాడిలో ఈ పాలు అది, ఆ పాలు ఇది అని ఏ టెస్టూ విడదీసి చెప్పలేదు. టెస్టు చూసేది ఈ రోజు ఆ పిల్లాడు ఉన్న స్థితిని. దాని మీద "నీ జన్మ ఇంతే" అని ముద్ర వేయకండి.

ఒక్క రెండు నిమిషాలు చరిత్ర. మొదట్లో తెలివిని ఒకే అంకెతో కొలిచేవారు. 1938లో థర్‌స్టోన్ అనే అమెరికా శాస్త్రవేత్త, తెలివి ఒకటి కాదు, మాట, అంకె, రూపం, జ్ఞాపకం, ఇలా ఏడు రకాలుగా ఉందన్నాడు. 1947లో డిఫరెన్షియల్ ఆప్టిట్యూడ్ టెస్ట్స్ వచ్చాయి, డాట్ అంటారు. స్కూలు పిల్లల కోసమే చేసిన ఎనిమిది టెస్టుల కట్ట అది. ఇప్పుడు మన దగ్గర వాడేవాటిలో చాలావాటి అచ్చు అదే. సీబీఎస్‌ఈ, ఎన్‌సీఈఆర్‌టీ కలిసి తొమ్మిది, పది తరగతులకి తెచ్చిన 'తమన్నా' టెస్టులోనూ ఏడు విభాగాలున్నాయి: భాష, మాటలతో తర్కం, బొమ్మలతో తర్కం, యంత్రాల అవగాహన, అంకెలు, రూపాలు, చూపు చురుకు. అందులో పాస్ లేదు, ఫెయిల్ లేదు, రాసి తీరాలనీ లేదు. అది బాగా పెట్టిన నియమం.

సరే, అసలు ప్రశ్నలు ఎలా ఉంటాయో చూద్దాం. ఇదిగో, తాపేశ్వరం కాజా డబ్బా. కాజాలు అయిపోయాయి, ఆశ పడకండి. దీన్ని విప్పి బల్ల మీద పరిచాను. ఈ పక్క పేరు, ఈ పక్క గీతలు, ఇది అడుగు. ఇప్పుడు ప్రశ్న: మళ్ళీ మడిస్తే పేరున్న పక్కకి ఆనుకుని వచ్చేది ఏది? పరిచిన అట్ట బొమ్మ ఒకటి ఇస్తారు, మడిచిన డబ్బాల బొమ్మలు నాలుగు ఇస్తారు. ఏది దీనిదో గుర్తుపట్టాలి. రూపాల టెస్టంటే ఇదే. చేత్తో మడవడానికి లేదు, బుర్రలోనే మడవాలి. కొందరు పిల్లలు చూసీ చూడగానే మడిచేస్తారు. కొందరు "ఈ గీతలు పక్కపక్కన రాలేవు కదా, కాబట్టి రెండోది కాదు, నాలుగోది కాదు" అని కొట్టేసుకుంటూ వస్తారు. జవాబు ఇద్దరిదీ ఒకటే, స్కోరూ ఒకటే. పని మాత్రం వేరు. రెండోవాడు తర్కం మీద నెట్టుకొస్తున్నాడు. అది రిపోర్టులో కనబడదు, బొమ్మలతో తర్కం స్కోరు పక్కన పెట్టి చూస్తే కొంత పట్టుబడుతుంది.

ఇంకోటి, యంత్రాల అవగాహన. మన కాలవ లాకులే తీసుకోండి. లాకు తలుపులు రెండూ మూసుకున్నప్పుడు గోడలా సూటిగా ఉండవు, మధ్యలో కలిసే చోట మొన తేలి ఉంటుంది. ఆ మొన ఎటు ఉండాలి? నీళ్ళు ఎత్తుగా ఉన్న వైపుకా, పల్లంగా ఉన్న వైపుకా? చెప్పండి. … ఎత్తు వైపుకి. ఎందుకు? నీటి బరువు తలుపుల్ని ఒకదాని మీదకి ఒకదాన్ని నొక్కి ఇంకా గట్టిగా మూస్తుంది. మొన పల్లం వైపుకి పెడితే అదే నీళ్ళు తలుపుల్ని తోసి తెరిచేస్తాయి. ఇందులో ఫార్ములా లేదు, లెక్క లేదు. నీరు ఎటు తోస్తుందో ఊహించుకోవాలి, అంతే.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది, టీచర్లు ఇది పట్టుకోండి. ఆ జవాబు చెప్పినవాళ్ళు ఊహించి చెప్పారా, లాకు దగ్గర చూసి చెప్పారా? లాకు పక్కన ఇల్లున్న పిల్లాడికి అది ఆప్టిట్యూడ్ ప్రశ్న కానే కాదు, జనరల్ నాలెడ్జి. అందుకే మంచి టెస్టులో ఒక్క ప్రశ్న మీద ఆధారపడరు. గిలకలు, పళ్ళచక్రాలు, తూకాలు, పంపులు, ఇలా రకరకాలు పెడతారు. ఆడపిల్లల సగటు స్కోరు ఈ విభాగంలో తగ్గడం చాలా చోట్ల చూసిందే. డాట్‌లో మగపిల్లలకి వేరు, ఆడపిల్లలకి వేరు పోలిక పట్టికలు, అంటే స్కోరుని ఎవరితో పోల్చాలో చెప్పే పట్టికలు, ఇచ్చారు. మన ఇళ్ళలో సంగతి చూడండి. చేలో మోటారు ఆగిపోతే ఎవర్ని పిలుస్తాం? సైకిలు చైను ఊడితే ఎవడు ఎక్కిస్తాడు? మోటారు ముట్టుకోనివ్వని పిల్లకి మోటారు ప్రశ్న ఇచ్చి, తక్కువొచ్చింది, ఆప్టిట్యూడ్ లేదు అంటే ఎలా? అమ్మాయికి ఈ విభాగంలో తక్కువొచ్చి, రూపాల్లోనూ బొమ్మల తర్కంలోనూ ఎక్కువొచ్చిందంటే, ముందు చెయ్యి పడలేదేమో అని అనుమానించండి.

మాటల టెస్టు ఇంకా సున్నితం. "నాగలి : దుక్కి అయితే, కొడవలి : ఏది?" కోత. ఇది తెలుగులో పుట్టిన ప్రశ్న, కాబట్టి నిలబడుతుంది. ఇంగ్లీషు టెస్టుని తర్జుమా చేస్తే ఈ విభాగం చచ్చిపోతుంది. ఇంగ్లీషులో మామూలు మాట తెలుగులో గ్రాంథికంగా తయారవుతుంది, తేలిక ప్రశ్న కష్టం అయిపోతుంది. తెలుగులోనే చేసినా ఊరు మారితే మాట మారుతుంది. మనం ఆనపకాయ అంటాం, టెస్టులో సొరకాయ అని ఉంటుంది. అందుకే తెలుగు మీడియం పిల్లాడికి ఇంగ్లీషులో మాటల టెస్టు పెట్టి "వెర్బల్ రీజనింగ్ వీక్" అని రాసి పంపితే ఆ కాయితానికి విలువ లేదు. అక్కడ కొలిచింది ఇంగ్లీషుని.

పెట్టే రోజు

ఇది టీచర్లకి. తల్లిదండ్రులూ వినండి, మీ పనీ కొంత ఉంది. టెస్టు ఎంత మంచిదైనా పెట్టే చోట పాడవుతుంది.

మొత్తం రెండున్నర, మూడు గంటల పని. పొద్దున పూటే పెట్టాలి. గంటకోసారి పది నిమిషాలు విరామం. రేకుల షెడ్డులో వద్దు, వాన పడితే చెప్పే సూచనలు ఒక్కటీ వినబడవు. పక్కన కల్యాణమండపం ఉంటే ముహూర్తాలు చూసుకోండి, నవ్వకండి, నిజం చెబుతున్నాను. పాతిక మందికి ఒక టీచరు ఉండాలి. సూచనలు పుస్తకంలో ఎలా ఉంటే అలా చదవాలి, ఒక్క మాట కలపకూడదు. మన మాస్టార్లకి జాలి ఎక్కువ. "ఒరేయ్, అంటే ఏమిటంటే..." అని మొదలెడతారు. ఆ సెక్షన్ పిల్లలకి స్కోరు పెరుగుతుంది, పక్క సెక్షన్‌కి పెరగదు, ఇక రెండూ పోల్చడానికి పనికిరావు. నమూనా ప్రశ్నలు చేయించే దగ్గర మాత్రం ఎంతసేపైనా ఆగండి. అర్థం కానివాడు ఒక్కడున్నా అసలు టెస్టు మొదలెట్టకూడదు. జాలంతా అక్కడ చూపించండి.

టైము సంగతి. చూపు చురుకు టెస్టు ఉంటుంది. అక్షరాల జతలు, అంకెల జతలు గబగబా చూసి ఒకేలా ఉన్నది గుర్తించడం. డాట్‌లో దీనికి ఒక్కో భాగానికి మూడే నిమిషాలు. మూడు నిమిషాలంటే 180 సెకన్లు. మీరు పది సెకన్లు ఆలస్యంగా "ఆపండి" అంటే టైము ఐదు శాతం పైన పెరిగిపోయినట్టు. అరగంట టెస్టులో పది సెకన్లు లెక్కలోకి రావు, ఇక్కడ కొంప ముంచుతాయి. గోడ గడియారం వద్దు, స్టాప్‌వాచ్ వాడండి. ఫోన్లో స్టాప్‌వాచ్ అయితే ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకోండి, మధ్యలో ఎవరో ఫోన్ చేస్తారు.

ఈ మూడు నిమిషాల టెస్టులో నష్టపోయేది ఎవరో చెప్పనా? ఎడమచేతివాటం పిల్లలు. చేతికి అట్ట ఉన్న కుర్చీలు వేస్తారు కదా, ఆ అట్ట కుడివైపే ఉంటుంది. ఎడమచేత్తో రాసే పిల్ల ఒంటిని మెలిపెట్టి రాస్తుంది. మామూలు పరీక్షలో సర్దుకుంటుంది, మూడు నిమిషాల్లో సర్దుకోలేదు. వాళ్ళకి బల్లలు వేయండి. ఇంకా, చూపు. కళ్ళ పరీక్ష ముందే చేయించండి. బోర్డు కనబడక ముందు బెంచీకి మారిన పిల్లలు ప్రతి క్లాసులో ఉన్నారు. కళ్ళజోడు లేని లోటు రిపోర్టులో "క్లరికల్ ఆప్టిట్యూడ్ తక్కువ" అని, అంటే చూపు చురుకు తక్కువని, అచ్చవుతుంది.

ఓఎంఆర్ షీటు, అదే, గుండ్రాలు దిద్దే జవాబుల కాయితం. ఒక ప్రశ్న వదిలేసి, వరుస వదలడం మరచిపోతే, అక్కడి నుంచి జవాబులన్నీ ఒక గడి పైకి జరిగిపోతాయి. పిల్లాడి తెలివి మాత్రం ఎక్కడికీ జరగలేదు. ప్రతి పది ప్రశ్నలకీ నంబరు సరిచూసుకోమని నమూనా దగ్గరే చెప్పండి. దిద్దేటప్పుడు ఒక చిన్న లెక్క గుర్తుంచుకోండి. 40 ప్రశ్నలు, నాలుగేసి జవాబులు. ఏమీ చదవకుండా కళ్ళు మూసుకుని గుండ్రాలు దిద్దితే ఎన్ని వస్తాయి? సగటున పది. అదృష్టం అటూ ఇటూ అయితే ఐదు నుంచి పదిహేను దాకా. కాబట్టి పన్నెండు వచ్చిన పిల్లాణ్ణి "ఈ విభాగంలో బలహీనం" అనకండి. ఆ పన్నెండు మనకి ఏమీ చెప్పదు. వాడు సూచన అర్థం చేసుకోలేదో, వరుస తప్పాడో, విసిగిపోయి గీసేశాడో. పిలిచి కనుక్కోండి, అవసరమైతే ఆ విభాగం ఒక్కటీ మళ్ళీ పెట్టండి.

తల్లిదండ్రుల పని ఒక్కటే. ముందురోజు రాత్రి కోచింగ్ ఇప్పించకండి. డబ్బా మడిచే ప్రశ్నలు యాభై చేయిస్తే స్కోరు పెరుగుతుంది, నిజమే. నీళ్ళు చల్లిన ధాన్యం కూడా తూకానికి ఎక్కువే తూగుతుంది. ఇక్కడ మోసపోయేది కొనేవాడు కాదు, మీరే.

రిపోర్టు చేతికొచ్చాక

ధాన్యం మాట వచ్చింది కాబట్టి దాంతోనే చెబుతాను. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. మీటరు ఒక బస్తాలో 16.8 చూపిస్తుంది, అదే బస్తాలో ఇంకో చోట 17.3 చూపిస్తుంది. ధాన్యం మారిందా? మారలేదు. మీటరుకి అంత ఊగిసలాట ఉంది. బస్తాకి ఇంత పోరాడే మనం, పిల్లాడి స్కోరు దగ్గర మాత్రం ఒక్క అంకె చూసి నోరు మూసుకుంటాం.

టెస్టుకీ ఆ ఊగిసలాట ఉంటుంది. లెక్క చూపిస్తాను, భయపడకండి. సగటు 50 వచ్చేలా, పిల్లల మధ్య తేడా కొలిచే మెట్టు 10 ఉండేలా స్కోర్లు సర్దుతారు. దాన్ని టీ-స్కోరు అంటారు. టెస్టు నమ్మకం, అంటే మళ్ళీ పెట్టినా దాదాపు అదే స్కోరు వచ్చే నిలకడ, ఒకటికి 0.84 అనుకుందాం, అది మంచి టెస్టే. అప్పుడు ఊగిసలాట 4 వస్తుంది. అంటే 55 వచ్చిన పిల్లాడి అసలు స్థాయి 51కీ 59కీ మధ్య ఉండొచ్చు, అదీ మూడింట రెండు వంతుల నమ్మకంతోనే. ఇప్పుడు దాన్ని పర్సంటైల్‌లోకి మార్చండి. రిపోర్టులో 69 అని ఉంటుంది. 69వ పర్సంటైల్ అంటే నూటికి 69 మార్కులు కాదండోయ్! నూరుమందిలో 69 మంది ఇతనికన్నా కింద ఉన్నారని. ఆ 69 నిజానికి 54 కావచ్చు, 82 కావచ్చు. అంత వెడల్పు! అందుకే ఒక్క అంకె దగ్గర పెట్టిన చుక్క చూడకండి, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉన్న పట్టీ చూడండి. మంచి రిపోర్టులో పట్టీయే గీస్తారు. చుక్క ఒక్కటే పెట్టిన రిపోర్టు వస్తే పట్టీ మీరే గీసుకోండి.

పర్సంటైల్‌తో ఇంకో చిక్కు. మధ్యలో సాగుతుంది, చివర్ల దగ్గర కుంచించుకుపోతుంది. ఒక విభాగంలో 38, ఇంకోదాంట్లో 62 వచ్చాయి. "అమ్మో, ఎంత తేడా!" అంటారు. టీ-స్కోరులో అవి 47, 53. తేడా ఆరు. రెండు విభాగాల మధ్య తేడా నిజమైనదని గట్టిగా అనాలంటే కనీసం 11 ఉండాలి, ఎందుకంటే రెండింటి ఊగిసలాటలూ కలుస్తాయి. ఆరు తేడా అంటే తేడా లేనట్టే లెక్క.

ఒక ఊహా రిపోర్టు బోర్డు మీద రాస్తాను. రూపాలు 66. యంత్రాలు 62. బొమ్మల తర్కం 57. చూపు చురుకు 52. అంకెలు 46. మాటలు 43. ఇవన్నీ టీ-స్కోర్లు. ఏం చెబుతారు? "రూపాల్లో ఫస్టు, యంత్రాల్లో సెకండు." తప్పు. 66కీ 62కీ తేడా నాలుగు, కాబట్టి ఒకటే. 46కీ 43కీ తేడా మూడు, అదీ ఒకటే. 66కీ 46కీ ఇరవై. ఇదీ నిజమైన తేడా. ఈ పిల్లాడు ఆకారాల్లో ఆలోచిస్తాడు. 57 మధ్యలో ఉంది, దాన్ని అటూ ఇటూ లాగకండి.

ఇప్పుడు వీడికి ఎంపీసీ వద్దా? ఎవరన్నారు? అంకెలు 46 అంటే సగటుకి రవ్వంత కింద. ఎంపీసీ చదవగలడు, కాకపోతే లెక్కలు బొమ్మ గీసి చెప్పే మాస్టారు దొరికితే బాగా ఎక్కుతాయి. ఆర్కిటెక్చర్ వైపు చూసేట్టయితే ఇంటర్లో లెక్కలు ఉండాల్సిందే, కాబట్టి ఆ తలుపు ఇప్పుడే మూయకూడదు. పాలిటెక్నిక్‌లో సివిల్, మెకానికల్ మూడేళ్ళ డిప్లొమా ఉంది, పాలిసెట్ రాయొచ్చు. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ రెండేళ్ళు. "ఐటీఐయా?" అని ముఖం అదోలా పెట్టకండి, ఇంటి ప్లాను గీయించుకోవడానికి మీరే వెళ్తారు. మాటలు 43 దగ్గర మాత్రం ఆగాలి. వాణ్ణి కూర్చోబెట్టి పేపర్లో ఒక వార్త చదివించండి. తడబడుతూ చదివితే అది చదువు లోటు, ఆరునెలల్లో సరిచేయొచ్చు. గడగడా చదివి విషయం చక్కగా చెప్పాడంటే టెస్టు భాషలోనే ఏదో తేడా ఉంది.

తర్వాత ఇష్టం. దానికి వేరే ప్రశ్నపత్రం ఉంటుంది. హాలండ్ అనే ఆయన చేసిన ఆరు రకాల విభజన ఎక్కువ వాడతారు. ఆప్టిట్యూడ్, ఇష్టం ఒక వైపే చూపిస్తే పని తేలిక. ఎదురెదురుగా ఉంటే? ఆప్టిట్యూడ్ ఉండి ఇష్టం లేకపోతే నెట్టకండి. ఇష్టం ఉండి ఆప్టిట్యూడ్ సగటుగా ఉంటే ఆపకండి, రోజులు ఎక్కువ పడతాయని ముందే చెప్పి పంపండి. రెండూ లేని చోటికి "సీటొచ్చింది కదా" అని పంపడం ఉంది చూశారా, ఫస్టియర్ హాస్టల్ నుంచి బ్యాగుతో తిరిగొచ్చే పిల్లల్లో చాలామందిది ఇదే కథ.

పోలిక పట్టిక ఎవరిదో అడగండి, ఇది తప్పకుండా అడగండి. మీ పాపకి 40వ పర్సంటైల్ అంటే ఎవరితో పోలిస్తే 40? నగరంలో ఇంగ్లీషు మీడియం పిల్లలతో తయారుచేసిన పట్టికలో లంక గ్రామం పిల్లని పెడితే ఆ 40కి అర్థం వేరు. టెస్టు అమ్మేవాళ్ళు పట్టిక ఎక్కడిదో, ఏ సంవత్సరానిదో, ఎంతమందిదో చెప్పలేకపోతే ఆ టెస్టు కొనకండి.

చేతుల సంగతి ఒకటి మిగిలింది. నర్సాపురం వైపు లేసు అల్లే వాళ్ళ వేళ్ళు చూశారా? ఆ పనితనం కాయితం మీద పెట్టే ఏ టెస్టులోనూ కనబడదు. అమెరికాలో ఉద్యోగాల శాఖ చేసిన గాట్‌బీ అనే టెస్టుల కట్టలో పన్నెండు టెస్టులుంటే, నాలుగు చేతిపనివే. బోర్డుకున్న చిల్లుల్లో 48 పుల్లలు ఒక చోట నుంచి తీసి ఇంకో చోట దించడం, చిన్న రివెట్లకి వాషర్లు తొడగడం, ఇలా. మన స్కూళ్ళలో అవి పెట్టరు, సామాను కావాలి, ఒక్కొక్కర్నీ విడిగా చూడాలి. కాబట్టి చేతిపనిలో దిట్ట అయిన పిల్ల రిపోర్టు ఏడు విభాగాల్లోనూ చప్పగా కనబడొచ్చు. డ్రాయింగు మాస్టారినీ, ల్యాబ్ చూసే టీచర్నీ అడిగి ఒక పేరా రాయించి రిపోర్టుకి జతచేయండి. కావాలంటే నేను ఫారం ఇస్తాను.

వేలిముద్రలు స్కాన్ చేసి పిల్లాడి టాలెంట్ చెబుతామని కొందరు స్కూళ్ళ చుట్టూ తిరుగుతుంటారు. వేలిముద్ర గీతలు తల్లి కడుపులోనే ఏర్పడతాయి, లెక్కలు అబ్బుతాయో లేదో వాటిలో రాసి లేదు. దానికి శాస్త్రీయ ఆధారం లేదు. ఆ డబ్బుతో కళ్ళజోడు కొనండి.

రిపోర్టు ఇచ్చేది ఎలాగంటే, పిల్లాడి చేతికి విడిగా కాదు, వాట్సాప్ గ్రూపులో అసలే కాదు. పిల్లాడు, తల్లో తండ్రో, టీచరు, ముగ్గురూ కూర్చుని ఇరవై నిమిషాలు మాట్లాడాలి. ముందు పిల్లాణ్ణే అడగండి, "నీకు ఏది తేలిగ్గా అనిపించింది?" అని. ఆ జవాబు రాసుకున్నాకే కవరు విప్పండి. పదో తరగతిలో వచ్చింది ఇంటర్ అయ్యాక మారొచ్చు కాబట్టి రిపోర్టు మీద తేదీ పెద్దగా రాసి పెట్టండి.

సరే. టెస్టు రోజున రెండు పెన్సిళ్ళు చెక్కినవి, ఒక రబ్బరు, నీళ్ళ సీసా. టిఫిను తిని రావాలి. కళ్ళజోడున్నవాళ్ళు కళ్ళజోడు మరవొద్దు. ఎడమచేతివాటం పిల్లల పేర్లు రేపు సాయంత్రంలోగా క్లాస్ టీచర్‌కి చెప్పండి, బల్లలు తెప్పించాలి. అడగాల్సినవి ఉంటే ఇప్పుడు అడగండి, ముందు ఆ కిటికీ దగ్గర కూర్చున్న అమ్మగారు.